వంద హెర్ట్‌జ్ అపశ్రుతి: ఒక ఇంటికి చిన్న యాంప్లిఫయర్ ఎంచిన వైనం

"తంబూరా పక్కన ఇంకేదో శ్రుతి పలుకుతోంది బాబూ. దాన్ని ఆపగలవా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మగారు అడిగిన మాట ఇది. ముప్పై ఏళ్లకు పైగా వయొలిన్ పాఠాలు చెప్పిన మనిషి. మాస్టారు అడిగింది వేరు. రిటైరైన లెక్కల లెక్చరర్ ఆయన. ఫోనులో ఒక బొమ్మ చూపించి, "అరచేతిలో పట్టేంత పెట్టె, మూడు వందల వాట్లంటున్నారు. కొనమంటారా?" అన్నారు. పద్నాలుగేళ్లుగా ఇళ్లలో ఆడియో అమర్చే పని చేస్తున్నాను. అందరూ మాస్టారు అడిగిన ప్రశ్నే అడుగుతారు. అమ్మగారి ప్రశ్న నాకు కొత్త. చివరికి ఏ యాంప్లిఫయర్ కొనాలో తేల్చింది ఆవిడ ప్రశ్నే. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో మూడో అంతస్తు, రెండు పడక గదుల ఫ్లాట్. హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. నేలంతా నున్నటి టైల్స్, గోడలు బోసిగా ఉన్నాయి. అమెరికాలో ఉన్న అబ్బాయి రెండేళ్ల కిందట ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తెచ్చిచ్చాడు. అయిదుంపావు అంగుళాల ఊఫర్, 8 ఓములు, ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెళ్ల సున్నితత్వం. మంచి స్పీకర్లు. వాటిని నడుపుతున్నది మాత్రం 2009లో కొన్న హోమ్ థియేటర్ రిసీవర్. ఎడమ చానల్ ఉండి ఉండి మాయమవుతుంది, పైన ఒక చరుపు చరిస్తే తిరిగొస్తుంది. లోపలి రిలే (కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్) కాంటాక్టులు అరిగిపోయాయని అర్థం. దానికి సరిపడే రిలే దొరకలేదు.

టీవీ షోకేస్‌లో యాంప్లిఫయర్ కోసం వదిలిన గూడు 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల లోతు. మామూలు సైజు యాంప్లిఫయర్లు 17 అంగుళాల వెడల్పుంటాయి. పాత రిసీవర్ అందులో పట్టక పక్కనే స్టూలు మీద కూర్చుంది. చిన్న పెట్టె కావాలని మాస్టారు పట్టుబట్టడానికి కారణం ఆ స్టూలే.

అబ్బాయి మరో మాట కూడా అన్నాడట: "ఇక్కడ మంచి ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్ తక్కువ ధరకు వస్తోంది, వచ్చేటప్పుడు తెస్తాను." ఈ మాట చాలా ఇళ్లలో వింటాను, విన్న ప్రతిసారీ ఆపుతాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. లోపల వోల్టేజీ మార్చే ఏర్పాటు లేని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇక్కడి సాకెట్లో పెడితే క్షణాల్లో కాలిపోతుంది. బయట అడాప్టర్‌తో నడిచే చిన్న యాంప్లిఫయర్లకు ఈ బాధ లేదు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే ప్లగ్గు పిన్ను మారిస్తే చాలు.

మొదటి రోజు నేనేమీ అమ్మలేదు, ఏదీ కొనమని చెప్పలేదు. కొలతలు మాత్రం తీసుకున్నాను.

మాస్టారు గట్టిగా వినేది సాయంత్రం పూట. వార్తలయ్యాక పాత కచేరీలు పెట్టుకుంటారు. క్యాసెట్ల నుంచి ఆయనే లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నవి. "మీకు ఇంతకంటే గట్టిగా అక్కర్లేదు అనిపించేదాకా పెంచండి" అన్నాను. తని ఆవర్తనం నడుస్తోంది. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఆసిలోస్కోప్ (వోల్టేజీ తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరం) పెట్టి చూస్తే, మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు కూడా శిఖరం 13 వోల్టులు దాటలేదు. అంత శిఖరమున్న నిలకడైన తరంగాన్ని 8 ఓముల మీద లెక్కకడితే పదిన్నర వాట్లు. ఆయన కుర్చీ స్పీకర్లకు తొమ్మిదడుగుల దూరంలో ఉంది, అక్కడ సగటు శబ్దం 75 డెసిబెళ్లు. ఇంతకంటే పెంచితే పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తడతారని ఆయనే అన్నారు.

లెక్కల మాస్టారు కనుక కాగితం మీద కూడా సరిచూసుకున్నాం. మీటరు దూరంలో 86 డెసిబెళ్లు. తొమ్మిదడుగులకు దాదాపు 9 తగ్గుతుంది, రెండో స్పీకర్ వల్ల 3 కలుస్తుంది, గది గోడల ప్రతిధ్వనితో ఇంకో రెండు. చెరొక వాటు ఇస్తే కుర్చీ దగ్గర సుమారు 82. సగటు కంటే శిఖరాలు 18 డెసిబెళ్లు పైకి పోతాయనుకుంటే 93 కావాలి. 82 నుంచి 93కి 11 డెసిబెళ్లు, అంటే పన్నెండున్నర రెట్లు. పన్నెండున్నర వాట్లు. స్కోపు చూపింది పదిన్నర. కాగితం, పరికరం ఇంత దగ్గరగా రావడం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. మా వృత్తిలో ఇలాంటి నిమిషాలు అరుదు.

రెండింతలు ఎక్కువ పెట్టుకున్నా ఈ ఇంటికి పాతిక వాట్లు చాలు. ఇక్కడితో ఆగిపోతే ఏ చిన్న యాంప్లిఫయర్ అయినా సరిపోయేది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ వెళ్లాను. అమ్మగారు సాధన చేసుకునే వేళ అది. లాప్‌టాప్‌లో తంబూరా పెట్టుకుని, స్పీకర్‌కు మూడడుగుల దూరంలో కింద చాప మీద కూర్చుంటారు. ఫ్యాను కూడా ఆపేస్తారు. మాస్టారి కుర్చీ దగ్గర కొలిస్తే శబ్దం 52 డెసిబెళ్లు. టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ సుమారు 90 మిల్లీవోల్టులు. వాట్లలో చెప్పాలంటే ఒక వాటులో వెయ్యో వంతు.

ఆ యాంప్లిఫయర్ ఆ ఇంట్లో ఎక్కువ ప్రేమతో చేసే పని మిల్లీవాటు పని. సాయంత్రం శిఖరానికి, తెల్లవారుజాము తంబూరాకు మధ్య పది వేల రెట్ల తేడా ఉంది. పెట్టె మీద అచ్చయ్యే వాట్లు ఆ పై కొస గురించే చెబుతాయి. కింది కొసన, ఆ మిల్లీవాటు దగ్గర, పెట్టె తన సొంత బుసనూ హోరునూ ఎంత కలుపుతుందో, వాల్యూమ్ మర ఎడమ కుడి చానళ్లను సమంగా ఉంచుతుందో లేదో అట్టపెట్టె మీద ఎవరూ అచ్చు వేయరు. ఆ ఉదయం నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే: ఈ ఇంటికి యాంప్లిఫయర్‌ను గట్టి శబ్దంతో కాక, మెల్లని శబ్దంతో ఎంచాలి.

ఆ రెండో శ్రుతి

అమ్మగారి శ్రుతి అయిదు, అంటే పాశ్చాత్య సంగీతంలో జి. తంబూరాలో నాలుగో తీగ, మంద్ర షడ్జం, 98 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. దాని హోరులో రెట్టింపు స్వరం కూడా ఉంటుంది, 100 హెర్ట్‌జ్. అయిదంగుళాల ఊఫర్లు 50ని పెద్దగా పలకవు, 100ని మాత్రం చక్కగా పలుకుతాయి. 98, 100 కలిసి మోగితే సెకనుకు రెండు సార్లు శబ్దం పొంగి తగ్గుతుంది. ఆవిడ విన్నది అదే. "ఊగుతోంది" అన్నారు చేత్తో చూపిస్తూ. ఆ చెయ్యి సెకనుకు సరిగ్గా రెండు సార్లు ఊగింది. నా పరికరాలన్నీ సంచిలోంచి తీయకముందే ఆవిడ చెవి కొలిచేసింది.

ఆ హోరు షడ్జం కంటే స్వరస్థానంలో మూడో వంతు ఎత్తున ఉందని చెప్పాను. "స్వరస్థానానికి మూడో వంతు. అది చాలా ఎక్కువ" అన్నారు. సంగీతం తెలిసిన చెవికి అది నిజంగా ఎక్కువే.

సంగీతం ఆపి, మర తగ్గించి, టెర్మినళ్ల దగ్గర కొలిస్తే 15 మిల్లీవోల్టుల హోరు. 90 మిల్లీవోల్టుల తంబూరా పక్కన 15 మిల్లీవోల్టుల హోరంటే చిన్న విషయం కాదు.

అది యాంప్లిఫయర్ తప్పా, ఇంటి తప్పా అని తేల్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒక్కొక్క తీగ తీస్తూ వినడమే. సెట్‌టాప్ బాక్సు వెనకాల కేబుల్ ఆపరేటర్ తీగ విప్పాను. హోరు పూర్తిగా పోయింది. మళ్లీ బిగించి, ఈసారి లాప్‌టాప్ చార్జర్ తీశాను. మళ్లీ పోయింది. రెండూ ఉన్నప్పుడే వస్తోంది. దారి తెలిసిపోయింది: వీధి నుంచి వచ్చే కేబుల్ తీగ పైతొడుగు ఒక చోట భూమికి తగులుతుంది, లాప్‌టాప్ చార్జర్ మూడో పిన్ను ఇంటి ఎర్త్‌కు తగులుతుంది. ఆ రెండు భూముల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడా సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆడియో తీగ, యాంప్లిఫయర్, యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె), లాప్‌టాప్ మీదుగా వలయంగా ప్రవహిస్తోంది. టీవీ ఆపేసినా, మరో ఇన్‌పుట్ ఎంచుకున్నా హోరు ఆగదు, ఎందుకంటే ఇన్‌పుట్‌లన్నిటికీ గ్రౌండ్ ఒకటే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పాల్సిన మాట ఉంది. ఈ హోరు పోవాలని చార్జర్ మూడో పిన్ను విరగ్గొట్టడం, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల దానితో మార్చడం చాలా చోట్ల చూశాను. కొందరు మెకానిక్‌లే చేసి పోతారు. హోరు నిజంగానే పోతుంది. దానితోపాటు ఇంట్లో వాళ్ల ప్రాణాలకు ఉన్న కాపలా కూడా పోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు.

సరైన మందు టీవీకీ యాంప్లిఫయర్‌కూ మధ్య లోహపు తీగ లేకుండా చేయడం. టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉంది. దాంట్లోంచి వచ్చేది వెలుగు, కరెంటు కాదు కనుక వలయం అక్కడే తెగుతుంది. ఆప్టికల్‌ను అనలాగ్‌గా మార్చే చిన్న పెట్టెకు 5 వోల్టులు కావాలి. దాన్ని టీవీ యూఎస్‌బీ రంధ్రం నుంచి తీసుకుంటే తెగిన వలయం మళ్లీ కలుస్తుంది. విడిగా ఒక ఫోను చార్జర్ పెట్టాలి.

గమనించండి, మూడు వందల వాట్ల పెట్టె ఎంత మంచిదైనా తెచ్చి పెడితే ఈ హోరు అలాగే ఉండేది. యాంప్లిఫయర్ మారిస్తే పోయే జబ్బు ఏది, మార్చినా పోనిది ఏది అని ముందే విడదీయకపోతే కొన్న వస్తువు మీద అనవసరంగా నింద పడుతుంది.

మూడు వందల వాట్ల లెక్క

మాస్టారు చూపిన పెట్టెలో ఉన్నది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3255 చిప్. క్లాస్ డి రకం (అతి వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్‌లతో పనిచేసేది), ఈ రోజుల్లో చిన్న యాంప్లిఫయర్లలో బాగా పేరున్నది. చిప్ తయారీదారు పత్రంలో చానల్‌కు 315 వాట్లని ఉంది, అబద్ధం కాదు. అయితే ఆ అంకె 51 వోల్టుల సరఫరా మీద, 4 ఓముల స్పీకర్‌తో, వక్రీకరణ 10 శాతానికి చేరినప్పటిది. పది శాతం వక్రీకరణ అంటే వయొలిన్ వయొలిన్‌లా ఉండదు. 1 శాతం దగ్గర ఆగితే అదే పత్రం 260 అంటుంది.

పెట్టెతో ఇచ్చే అడాప్టర్ 48 వోల్టులు, 5 ఆంపియర్లు. గుణిస్తే 240 వాట్లు. "రెండు చానళ్లకు కలిపి లోపలికి వెళ్లేదే 240 అయితే బయటకు 600 ఎలా వస్తాయి?" అని మాస్టారే అడిగారు. లోపలి కెపాసిటర్లు రెప్పపాటు శిఖరాలకు సాయం చేస్తాయి, నిలకడగా మాత్రం రావు. 1990ల్లో టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణకాలపు శిఖర శక్తి) అని వేలకు వేలు వాట్లు అంటించేవారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల వాట్లు ఎలా ప్రకటించాలో 1974లోనే నియమం పెట్టింది. ఇక్కడ కొనేవాళ్లు తమ లెక్క తామే వేసుకోవాలి. లెక్క తేలికే: అడాప్టర్ వోల్టులను ఆంపియర్లతో గుణించి, అందులో పదిహేను శాతం తీసేసి, రెండు చానళ్లకు పంచండి. పెట్టె మీద ఏమి రాసినా అంతకు మించి నిలకడగా రాదు.

ఇంటికి తెచ్చి వినడం

వస్తువును కొలవకుండా, ఆ ఇంట్లోనే వినిపించకుండా నేను సిఫారసు చేయను. కోఠి గుజరాతీ గల్లీలో తెలిసిన దుకాణం నుంచి రెండు పెట్టెలు, ఒక మిత్రుడి దగ్గరి నుంచి మూడోది తీసుకొచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు పద్ధతి యాంప్లిఫయర్‌ను కూడా ఆలోచించాను. నిజం చెప్పాలంటే వినడానికి నాకు ఇష్టమైనవి అవే. గూడులో పట్టవు, అదొకటి. రెండోది ఇన్వర్టర్. ఆ ఇంట్లో ఉన్నది చతురస్ర తరంగం ఇచ్చే పాత రకం. ఆ కరెంటు మీద ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మని మోగుతుంది, ఆ మోత స్పీకర్లోంచి కాక పెట్టెలోంచే వస్తుంది. అడాప్టర్లలో ఉండే స్విచింగ్ సరఫరా ముందుగా కరెంటును డీసీగా మార్చుకుంటుంది కనుక తరంగం ఆకారాన్ని పెద్దగా పట్టించుకోదు. వేసవిలో కరెంటు పోయే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు.

మొదటి పెట్టె టీపీఏ3116 చిప్‌తో, 24 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేది. 8 ఓముల మీద చానల్‌కు ముప్పై వాట్ల దాకా ఇస్తుంది. ఈ ఇంటికి శక్తి సరిపోతుంది, ధర కూడా తక్కువ. సాయంత్రం కచేరీకి మాస్టారు తేడా పట్టలేకపోయారు. తెల్లవారుజామున అమ్మగారు చాప మీద కూర్చున్న వెంటనే "సన్నగా బుస కొడుతోంది" అన్నారు. కొలిస్తే ఇన్‌పుట్ మూసి ఉంచినా 2 మిల్లీవోల్టుల రొద. ఇది చిప్ లోపమని నేననను. అదే చిప్‌తో నిశ్శబ్దంగా పలికే పెట్టెలు చూశాను. ఈ పెట్టెలో గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న అంకె) 32 డెసిబెళ్లకు పెట్టారు, బ్లూటూత్ భాగాన్ని ఆడియో దారికి మరీ దగ్గరగా అమర్చారు. చిప్‌కు 20, 26, 32, 36 డెసిబెళ్ల గెయిన్‌లలో దేన్నయినా రెసిస్టర్లతో ఎంచుకునే వీలుంది. విప్పి మార్చవచ్చు. కానీ వారంటీ ఉన్న కొత్త పెట్టెను ఒకరి ఇంట్లో విప్పడం నాకు సమ్మతం కాదు.

క్లాస్ డి పెట్టెల రొదను మామూలు మల్టీమీటర్‌తో కొలిచేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటి అవుట్‌పుట్‌లో వందల కిలోహెర్ట్‌జ్‌ల స్విచింగ్ అవశేషం ఉంటుంది. చెవికి వినపడదు, మీటరుకు కనపడవచ్చు. 20 కిలోహెర్ట్‌జ్ పైన కోసేసే వడపోత పెట్టి కొలిస్తేనే అంకెకు అర్థం ఉంటుంది.

రెండోది మాస్టారు ఫోనులో చూపిన మూడు వందల వాట్లది. రొద 0.7 మిల్లీవోల్టులు, ఫరవాలేదు. కానీ ఆన్ చేయగానే స్పీకర్లో టప్పుమని కొట్టింది. మర బాగా తగ్గించినప్పుడు కుడి కంటే ఎడమ 4 డెసిబెళ్లు ఎక్కువ పలికింది, తంబూరా అంతా ఎడమ స్పీకర్లోకి జారిపోయింది. అడాప్టర్ ఇటుకంత ఉంది, దాని మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు గుర్తు లేదు. ఆడియో, వీడియో పరికరాల అడాప్టర్లకు మన దేశంలో ఆ నమోదు తప్పనిసరి, గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండాలి. రాత్రింబవళ్లు సాకెట్లో ఉండే వస్తువుకు అది లేకపోతే నేను ఒప్పుకోను.

మూడోదీ టీపీఏ3255 చిప్పే. 32 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్, దాని మీద నమోదు గుర్తు ఉంది. గెయిన్ 25 డెసిబెళ్లు. రొద 0.15 మిల్లీవోల్టులు. ట్వీటర్‌కు చెవి ఆనిస్తే తప్ప వినపడలేదు. నా దగ్గరున్న 8 ఓముల డమ్మీ లోడ్ల (స్పీకర్లకు బదులు పెట్టే రెసిస్టర్ల) మీద రెండు చానళ్లనూ ఒకేసారి నడిపితే 20 వోల్టుల దాకా శుభ్రంగా వచ్చింది, అంటే చానల్‌కు 50 వాట్లు. మాకు కావలసింది పాతిక. పావుగంట నడిపాక కూడా అడాప్టర్ వోల్టేజీ 31.4 కంటే దిగలేదు. ఖాళీగా ఉన్నప్పుడు 9 వాట్లు తాగింది. పాత రిసీవర్ 38 తాగేది.

పై స్థాయిల్లో, 15 కిలోహెర్ట్‌జ్ దాటాక, మూడింటికీ కొంత తేడా ఉంది. ఇలాంటి యాంప్లిఫయర్లలో చివరి ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకోకపోతే స్పీకర్ ఓములను బట్టి ఆ కొస కొద్దిగా లేస్తుంది లేదా వంగుతుంది. ఈ ఇంట్లో దాన్ని ఎవరూ గుర్తించలేదు, నేనూ లెక్కలోకి తీసుకోలేదు.

గోడలో దాగిన తీగ

మూడోదే ఖాయమనుకుని బిగించబోయే ముందు అలవాటుగా గోడలోంచి వచ్చే స్పీకర్ తీగలను మీటరుతో పరీక్షించాను. మూడు పెట్టెల మీదా పరీక్షలన్నీ విడి తీగలతో చేశాను కనుక గోడ తీగల జోలికి అప్పటిదాకా పోలేదు. ఎడమ స్పీకర్ నెగటివ్‌కు, కుడి స్పీకర్ నెగటివ్‌కు మధ్య బీప్ వచ్చింది. బిల్డర్ ఎలక్ట్రీషియన్ తీగ ఆదా చేయడానికి గోడలో నాలుగు తీగలకు బదులు మూడే లాగాడు: ఎడమ పాజిటివ్, కుడి పాజిటివ్, ఇద్దరికీ కలిపి ఒక నెగటివ్.

పాత రిసీవర్‌తో పదేళ్లకు పైగా ఇది నడిచింది, ఎందుకంటే దానిలో రెండు నెగటివ్‌లూ లోపలే గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. మేం తెచ్చిన చిన్న పెట్టెల సంగతి వేరు. వాటిలో ప్రతి స్పీకర్‌కూ రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. నల్ల టెర్మినల్ కూడా ఎర్ర టెర్మినల్ లాగే జీవంతో ఉంటుంది, అక్కడ గ్రౌండ్ ఉండదు. రెండు నల్ల టెర్మినళ్లను కలపడమంటే రెండు వేర్వేరు యాంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లను ఒకదానితో ఒకటి ఢీకొట్టించడం. అదృష్టం బాగుంటే రక్షణ వలయం ఆపేస్తుంది, లేకపోతే చిప్ పోతుంది. "కొత్తది కొన్న రోజే పోయింది" అని తిరిగొచ్చే చిన్న యాంప్లిఫయర్లలో కొన్నిటికి కారణం ఇదేనని నా నమ్మకం. సబ్‌ఊఫర్‌కు స్పీకర్ టెర్మినళ్ల నుంచి సిగ్నల్ తీసుకునేవాళ్లు కూడా ఈ విషయంలో జాగ్రత్తపడాలి.

గోడ తవ్వలేం. స్కర్టింగ్ పైన సన్నటి పీవీసీ కేసింగ్ వేసి, ఒక్కో స్పీకర్‌కు విడిగా ఆరు మీటర్ల జంట తీగ లాగాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. రానుపోను నిరోధం 0.15 ఓముల లోపే, 8 ఓముల స్పీకర్ పక్కన అది లెక్కలోకి రాదు. ఖరీదైన స్పీకర్ కేబుల్ కావాలా అని మాస్టారు అడిగితే వద్దన్నాను.

మర తిరిగే చోటు

గెయిన్ 25 డెసిబెళ్లు కూడా ఈ ఇంటికి ఎక్కువే. డాక్ నుంచి నిండుగా 2 వోల్టులు వస్తాయి, సంగీతంలో సగటున పావు వోల్టు. తెల్లవారుజామున స్పీకర్‌కు కావలసింది 90 మిల్లీవోల్టులు. అంటే ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్టే చిన్నది! యాంప్లిఫయర్ 25 డెసిబెళ్లు పెంచుతుంటే మర 34 తగ్గించాలి. అంత తగ్గించే చోట మర తన ప్రయాణంలో మొదటి అంగుళంలోనే ఉంటుంది. చవక మరల్లో రెండు చానళ్ల ట్రాకులు సరిపోలనిది సరిగ్గా ఆ చోటే. రెండో పెట్టెలో తంబూరా ఎడమకు జారింది అందుకే.

దీనికి విరుగుడు నలభై రూపాయల్లోపు పని. చానల్‌కు రెండు రెసిస్టర్లు, వరుసలో 6.8 కిలో ఓములు, అడ్డంగా 3.3 కిలో ఓములు. సిగ్నల్ సుమారు 10 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒక శాతం రకం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు తీసుకుని ఆర్‌సీఏ ప్లగ్గుల్లోనే టంకం పెట్టాను. ఇప్పుడు గడియారం ముల్లు లెక్కన తెల్లవారుజాము స్థానం మరకు పదింటి దగ్గర, సాయంత్రం స్థానం రెండింటి దగ్గర వచ్చింది. ఎడమ కుడి తేడా అర డెసిబెల్ లోపు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన మెల్లని కచేరీలకు కూడా పైన చోటు మిగిలింది.

స్పీకర్లను మూలల నుంచి ఎనిమిది అంగుళాలు ముందుకు జరిపాం, నేల మీద ఒక తివాచీ పడింది. సాహిత్యం స్పష్టంగా వినిపించడానికి యాంప్లిఫయర్ కంటే ఇదే ఎక్కువ తోడ్పడిందని మాస్టారికి చెప్పాను.

చివరి పరీక్షగా మెయిన్ స్విచ్ ఆపాను. ఇన్వర్టర్ అందుకుంది, పాట తెగలేదు. అడాప్టర్లో నిలవున్న విద్యుత్తు ఆ రెప్పపాటును దాటించింది.

నేను చేసిన పొరపాటు

మూడు వారాలకు అమ్మగారు ఫోన్ చేశారు. హోరు లేదు, బుస లేదు, చాలా సంతోషం. కానీ టీవీ రిమోట్‌తో శబ్దం తగ్గడం లేదు. టీవీ ఆప్టికల్ అవుట్ స్థాయి స్థిరంగా ఉంటుంది, రిమోట్ దాన్ని ముట్టుకోదు. నాకు ఆ సంగతి తెలుసు. సంబరంలో చెప్పడం మరిచాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి ప్రకటన వచ్చిన ప్రతిసారీ లేచి మర తిప్పాల్సి వచ్చింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ ఇంట్లో శబ్దం ఎవరు తగ్గిస్తారు, ఎక్కడ కూర్చుని తగ్గిస్తారు?

ఆప్టికల్ మార్పిడి పెట్టెను, లాప్‌టాప్ డాక్‌ను రెంటినీ తీసేసి, యూఎస్‌బీ, ఆప్టికల్ రెండూ తీసుకునే, రిమోట్ ఉన్న ఒకే డాక్ పెట్టాను. యాంప్లిఫయర్ మరను ఒక చోట నిలిపి, తెల్ల పెన్సిల్‌తో గీత గీశాను. ఇక అన్నీ రిమోట్ మీదే. తీసేసిన పెట్టె ఖర్చు తొమ్మిది వందలు నేనే భరించాను.

మొత్తం ఖర్చు: యాంప్లిఫయర్, అడాప్టర్ కలిపి 10,500 రూపాయలు, డాక్ 6,800, తీగలు, కేసింగ్, ప్లగ్గులు 1,900. అంతా 19,200. మాస్టారు మొదట సిద్ధం చేసుకున్నది నలభై వేలు.

అయిదు నెలల తర్వాత అటు వెళ్లినప్పుడు మళ్లీ కొలిచాను. ఇన్‌పుట్‌లన్నీ తగిలించి, చార్జర్ పెట్టి, కేబుల్ బిగించి ఉండగా టెర్మినళ్ల దగ్గర 0.2 మిల్లీవోల్టులు. అడాప్టర్ ప్లగ్గు కొంచెం వదులైంది, తీగను గూడు గోడకు క్లిప్‌తో కట్టాను. అమ్మగారు తంబూరా పెట్టి, వయొలిన్ తీగలు సరిచూసుకుంటూ మంద్ర షడ్జం దగ్గర ఆగి చాలాసేపు విన్నారు. చెయ్యి ఊగలేదు.